పిల్లలు ముందు నడిచే బడిలో పెద్ద టీచరు

(తారాబాయి మోదక్ స్మారకోపన్యాసం)

వెనక గోడవారగా కూర్చున్న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు కాస్త ముందుకు రండమ్మా. ఇవాళ మాట్లాడుకునేది మీ పని గురించే. మీరు వెనక కూర్చుంటే నేను ఎవరికి చెప్పాలి?

తారాబాయి మోదక్ పేరు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమందికి తెలియదు. ఆవిడ మొదలుపెట్టిన పని మాత్రం ఊరూరా ఉంది. 1892లో ముంబయిలో పుట్టారు. ఆడపిల్ల కాలేజీకి వెళ్తే వింతగా చూసే రోజుల్లో డిగ్రీ చేశారు. రాజ్‌కోట్‌లో మహిళా టీచర్ల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అంత ఉద్యోగమూ వదులుకుని భావనగర్‌లో గిజుభాయి బధేకా నడుపుతున్న బాలమందిరంలో చిన్నపిల్లల దగ్గర కింద కూర్చోవడానికి వెళ్ళారు. ఆ గిజుభాయి కూడా అంతే. నల్లకోటు విప్పేసి 1920లో బాలమందిరం తెరిచిన వకీలు. ఆయన్ని గుజరాత్‌లో ‘మీసాల అమ్మ’ అని పిలిచేవారు. వాళ్ళిద్దరి పూనికతో 1926లో నూతన బాలశిక్షణ సంఘం పుట్టింది.

1945లో, యాభై దాటిన వయసులో, తారాబాయి పట్నం వదిలి అప్పటి ఠాణే జిల్లాలోని బోర్డీ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళారు. తోడుగా అనుతాయి వాఘ్ వెళ్ళారు. దళిత వాడల పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ముంగిళ్ళకు తీసుకుపోయారు. ఇవాళ మనం అంగన్‌వాడీ అంటున్నది అక్కడ మొదలైంది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) ప్రారంభమయ్యేనాటికి తారాబాయి కన్నుమూసి రెండేళ్ళు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి.

పిల్లలే దారి చూపే చదువు అన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. 2022లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. ఆటతో చదువు అని అందులోనూ రాశారు, కార్పొరేట్ ప్లేస్కూళ్ళ ఫ్లెక్సీల మీదా రాశారు. పిల్లలే దారి చూపితే మరి టీచరెందుకు? ముఖ్యంగా, లీడ్ టీచర్, అంటే పెద్ద టీచరు, అని ఒకరిని పెట్టడం దేనికి? నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత ఎలా చేరుకున్నానో చెప్తాను. అలాంటి బడిలో పెద్ద టీచరు నడిపించవలసింది పెద్దవాళ్ళను. ఆయాను, కింది టీచర్లను, తల్లిదండ్రులను, తనిఖీకి వచ్చే అధికారిని, అందరికంటే ముందు తనను. పిల్లల చదువు చెడేది పిల్లల వల్ల కాదు.

1

మొదట ఒక అపోహ. ‘పిల్లల ఇష్టం’ అనగానే బొమ్మల బుట్ట బోర్లించి టీచరు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోవడమని కొందరి లెక్క. ఇంకొందరికి అదే భయం. ఇష్టానికి వదిలేస్తే గోల తప్ప ఏముంటుందని వాళ్ళ ప్రశ్న.

మరియా మాంటిస్సోరి తానే రాసుకున్న సంగతి ఒకటుంది. 1907 జనవరి 6న రోమ్ నగరంలో సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆవిడ మొదటి బడి తెరుచుకుంది. యాభై అరవైమంది పిల్లలు. సామగ్రి అంతా ఎత్తైన బీరువాలో ఉండేది. తాళంచెవి టీచరు దగ్గర. ఆవిడే తీసి పంచాలి, ఆవిడే లెక్కపెట్టి లోపల పెట్టాలి. ఒకరోజు టీచరుకు ఆలస్యమైంది. ముందురోజు బీరువాకు తాళం వేయడం మరిచిపోయింది కూడా. వచ్చి చూస్తే బీరువా బార్లా తెరిచి ఉంది. పిల్లలు కొందరు దాని చుట్టూ నిలబడి ఉన్నారు, కొందరు తమకు కావలసింది తీసుకుని పనిలో పడ్డారు. ఇది దొంగతనం, శిక్షించాలి అంది టీచరు. మాంటిస్సోరికి మరోలా కనిపించింది. ఏ వస్తువు ఏమిటో పిల్లలకు తెలుసు, తమకేది కావాలో ఎంచుకోగలరు. ఆ తర్వాత బడిలోకి పిల్లల చేతికందే పొట్టి బీరువాలు వచ్చాయి.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ పిల్లల తెలివిని మెచ్చుకుంటారు. నాకు బీరువా ఎత్తు మీదే దృష్టి. ఆ ఎత్తు పిల్లలు నిర్ణయించలేదు. అందులో ఏ వస్తువు ఉండాలో, ఏది ఉండకూడదో, ఒక్కో రకం ఎన్ని ఉండాలో వాళ్ళు నిర్ణయించలేదు. పిల్లవాడు ‘ఎంచుకున్నాడు’ అంటే దాని వెనక పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు ఉంటుంది. పిల్లలు రాకముందు అరగంట, పోయాక అరగంట టీచరు చేసే పని ఇదే. తొమ్మిదింటికి తలుపు తీసి హాజరు వేసేదాన్నే పని అనుకునేవాళ్ళకు ఇది కనిపించదు.

2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘జాదూయీ పిటారా’ అని పిల్లల కోసం ఆటవస్తువుల పెట్టె విడుదల చేసింది. మంచి పనే. అయితే మన దేశంలో ఆటవస్తువుకు ఒక గండం ఉంది, స్టాకు రిజిస్టరు. బొమ్మ విరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయంతో పెట్టె అట్టే ఉండిపోతుంది, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం తెరుచుకుంటుంది. (నవ్వుతున్నారంటే మీకూ తెలిసిందే అన్నమాట.) ఏడాది తిరిగినా కొత్తగా మెరుస్తున్న బొమ్మలున్న కేంద్రాన్ని మెచ్చుకునే అధికారికి ఒక్క మనవి. విరిగిన బొమ్మలున్న కేంద్రంలో పిల్లలు ఆడుకున్నారండీ.

2

ఏర్పాటు తర్వాత టీచరు చేయవలసిన రెండో పని చూడడం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే శిక్షణల్లో అన్నిటికంటే తక్కువసేపు చెప్పేది దీని గురించే.

అద్దె ఇంటి వరండాలో నడిచే ఒక అంగన్‌వాడీ. పొద్దున పదకొండు దాటింది. నాలుగేళ్ళ పిల్ల ఒకతె సొట్టల గిన్నె నిండా చింతపిక్కలు తెచ్చుకుని గోడవారగా వరసగా పేరుస్తోంది. గిన్నె అంతవరకు పై అరలో ఉంది. మూడేళ్ళలోపు పిల్లలు ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారని టీచరే అలా పెట్టింది, అడిగిన పిల్లకు దింపి ఇచ్చింది. వరస మూల తిరిగి గడప దాకా వచ్చింది. గడప ఎత్తు. పిల్ల ఒక పిక్క గడప మీద పెట్టింది, జారి పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. మూడో పిక్క పెట్టి వేలితో అదిమి పట్టుకుంది. వేలు తీస్తే అదీ పడింది.

లోపల కోడిగుడ్లు ఉడికాయి. ఆయా చీపురు పట్టుకొచ్చింది, కంచాలు పెట్టాలి కదా. ‘లెగమ్మా, అన్నం వేళయింది’ అంటూ వంగింది. టీచరు దూరం నుంచే చెయ్యెత్తి ఆగమంది. ఆయా మొహం మాడ్చుకుంది కానీ ఆగింది. అవతలి వైపు నుంచి ఊడవడం మొదలుపెట్టింది.

గిన్నె అడుగున అష్టాచెమ్మాకని ఒకవైపు అరగదీసిన పిక్కలు కొన్ని ఉన్నాయి. చేతికందిన పిక్క అలాంటిది. బల్లపరుపు వైపు గడప మీద ఆనింది. నిలిచింది. పిల్ల దాన్ని చూసింది, గిన్నెను చూసింది. గిన్నె మొత్తం నేల మీద కుమ్మరించి తెల్లగా అరిగిన పిక్కలన్నీ ఏరడం మొదలుపెట్టింది. నాలుగు దొరికాయి. గడప పొడవుకు చాలలేదు. అప్పుడు మామూలు పిక్క ఒకటి తీసుకుని గచ్చు మీద బరబరా రుద్దసాగింది.

టీచరు ఏమీ అనలేదు. ‘శెభాష్’ అని కూడా అనలేదు. నోటుపుస్తకంలో రాసుకుంది: ‘గడప మీద పిక్క జారింది. అరిగింది నిలబడింది. అలాంటివి ఏరింది. చాలక తనే రుద్దుతోంది.’ మర్నాడు గోడకు ఒక చెక్కపలకను ఏటవాలుగా ఆనించి, పక్కన కుంకుడుకాయలు, గులకరాళ్ళు, సోడామూతలు పెట్టింది. ఆ పిల్లను పిలవలేదు. పిల్ల తనంతట తనే వచ్చింది. వెంట ఇంకో ముగ్గురు.

ఈ టీచరు ఎంత పని చేసిందో లెక్కేయండి. పిక్కలు ఎక్కడ పెట్టాలో ఆలోచించింది. చూసింది. తను కలగజేసుకోలేదు, ఆయాను కలగజేసుకోనివ్వలేదు. రాసుకుంది. రాసుకున్నది ఇంటికెళ్ళి మళ్ళీ తలచుకుంది కాబట్టి మర్నాటికి చెక్కపలక వచ్చింది. ఆ పూట సూపర్‌వైజర్ వచ్చి ‘ఇవాళ ఏం చెప్పారు?’ అని అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. చెప్పింది ఏమీ లేదు మరి. అ ఆ లు చెప్పాను, రంగులు చెప్పాను అంటే రిజిస్టరులో గడి నిండుతుంది. ఆ గడిలో ఈ పిల్ల పట్టదు.

‘శెభాష్’ అనకపోవడం గురించి ఒక్క ముక్క. పిల్లలను మెచ్చుకోవద్దని నేననను. కానీ పనిలో మునిగి ఉన్న పిల్లను మధ్యలో మెచ్చుకుంటే, పిల్ల తల ఎత్తి మన మొహం చూస్తుంది. ఆ తర్వాత గడప కోసం పని చేయదు, మన కోసం చేస్తుంది. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు రేపు తమ కేంద్రంలో కాసేపు గమనించి చూడండి.

3

మూడోది త్వరగా చెప్పేస్తాను. ఎప్పుడు కలగజేసుకోవాలి? దీనికి సూత్రం లేదు. గిజుభాయి రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది, మీలో చాలామంది చదివే ఉంటారు. అది నాలుగో తరగతి కథ, మన పిల్లలకంటే పెద్దవాళ్ళు. అందులో ప్రయోగం చేద్దామని వచ్చిన మాస్టారు మొదటిరోజు కిటికీలు మూసి నిశ్శబ్దం ఆట ఆడిద్దామనుకుంటాడు. పిల్లలు ఆ గదిని సంతగా మార్చేస్తారు. ఆయన పిల్లలను తిట్టడు, ఇంటికి పంపేస్తాడు. తన పథకాన్నే పక్కనపెట్టి మర్నాడు కథ చెప్తాడు. మనం పథకం రాసుకోవాలి, పిల్లలను చూశాక దాన్ని చింపేయడానికి సిద్ధంగానూ ఉండాలి. రెండూ కావాలి. మొదటిది లేని టీచరు బద్ధకస్తురాలు, రెండోది లేని టీచరు మొండిది.

కూచిపూడి భాగవతంలో సూత్రధారిని చూశారా? తాళాలు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రంగస్థలం మీదే ఉంటాడు. సత్యభామకు ఒకసారి చెలికత్తె అవుతాడు, పాత్రధారి తడబడితే మాట అందిస్తాడు, ఆట సాగుతున్నంతసేపూ పక్కకు తప్పుకుని ఉంటాడు. పెద్ద టీచరుకు అంతకంటే మంచి పోలిక నాకు దొరకలేదు. ఇక ముందుకు పోదాం.

4

పిల్లలకు వదిలిపెట్టకూడనిది ఒకటుంది. పిల్లలే దారి చూపాలని గట్టిగా నమ్మేవాళ్ళు ఇక్కడ తడబడడం నేను చాలాసార్లు చూశాను.

షికాగో విశ్వవిద్యాలయం వారి లాబొరేటరీ స్కూల్లో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ టీచరు ఉండేది. పిల్లలు చెప్పిన కథలను వాళ్ళు చెప్పినట్టే రాసుకుని, ఆ పూటే వాళ్ళ చేత నాటకంగా వేయించేది. తరగతిలో టేపురికార్డరు పెట్టుకుని రాత్రిళ్ళు ఆ మాటలు మళ్ళీ వినేది. పిల్లల మాటకు అంత విలువ ఇచ్చిన టీచరు ఒకటి గమనించింది. ఎవరిని ఆటలో చేర్చుకోవాలి, ఎవరిని నెట్టేయాలి అన్నది ఒకరిద్దరు పిల్లల చేతిలో ఉంటోంది. రోజూ బయట మిగిలిపోయేదీ ఒకే కొద్దిమంది పిల్లలు. అప్పుడామె ఒక నియమం తెచ్చింది. ‘నువ్వు ఆటకు రావద్దు’ అని ఎవరూ ఎవరితోనూ అనకూడదు. పిల్లలతో రోజుల తరబడి చర్చించింది. పెద్ద తరగతుల దగ్గరికి వెళ్ళి కూడా అడిగింది. న్యాయమే కానీ జరిగే పని కాదని వాళ్ళలో చాలామంది పెదవి విరిచారు. ఆమె అందరి మాటా విని, చివరికి నియమం పెట్టింది. 1992లో దాని మీద పుస్తకమూ రాసింది.

పిల్లలు ఎదురు చెప్తుంటే పెట్టిన నియమం పిల్లలే దారి చూపే చదువుకు విరుద్ధం కాదా? కాదనే నా వాదన. ఏ ఆట ఆడాలో పిల్లలు చెప్తారు. ఎవరు ఆడవచ్చో చెప్పే అధికారం ఏ పిల్లకూ లేదు. మన ఊళ్ళలో ఈ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి కంచం ఎక్కడ పెడతారు, వంటగిన్నెల ఆటకు ఆడపిల్లలే ఎందుకు వెళ్తారు, మూడు చక్రాల సైకిలు మగపిల్లల దగ్గరే ఎందుకు ఉంటుంది, ఇవన్నీ పిల్లలు తమంతట తాము ‘ఎంచుకున్నట్టే’ కనిపిస్తాయి. నిజానికి వీధిలో ఎప్పటినుంచో నడుస్తున్నదాన్నే ఇక్కడికి పట్టుకొస్తారు. బోర్డీలో తారాబాయి, అనుతాయి చేసిందేమిటి? బడికి రాని పిల్లలకు బడి ఇష్టం లేదని రాసుకుని ఊరుకోలేదు. వాడకు నడిచి వెళ్ళారు. ఖరీదైన మాంటిస్సోరి సామగ్రికి బదులు గింజలు, ఆకులు, గవ్వలు వాడారు. తర్వాత కోస్‌బాడ్ కొండకు వెళ్ళాక, వార్లీ ఆదివాసీల పిల్లలు పశువులు కాయడానికి పోతుంటే పచ్చిక బయళ్ళలోనే బడి పెట్టారు. పిల్లలు ఉన్నచోటికి వెళ్ళడం వరకు పిల్లల దారి. అందరూ ఆ చాప మీద కూర్చోవాలన్నది మాత్రం టీచరు మాట. అందులో బేరం లేదు.

5

చివరిది, నేను మొదట చెప్పింది: పెద్దవాళ్ళను నడిపించడం. చింతపిక్కల పిల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. ఆ పూట చదువు నిలబడిందో చెడిందో తేలింది ఆయా చీపురు దగ్గర. ఆయా చెడ్డది కాదు. గది శుభ్రంగా ఉండాలి, అన్నం వేళకు పెట్టాలి, లేకపోతే మాట పడేది ఆవిడే. ఆవిడకు చెయ్యెత్తి సైగ చేస్తే ఆ ఒక్క పూట ఆగుతుంది. ఎందుకు ఆగాలో తెలిస్తే, టీచరు సెలవు పెట్టిన రోజు కూడా ఆగుతుంది. ఆ రెండోదాన్నే నేను పెద్ద టీచరు పని అంటున్నాను. ప్లేస్కూళ్ళలో లీడ్ టీచరుకు జీతం కాస్త ఎక్కువ ఇచ్చి, పుట్టినరోజుల అలంకరణలు, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఆవిడ నెత్తిన పెడతారు. అసిస్టెంటుతో, ఆయాతో కూర్చుని ‘ఇవాళ ఆ పిల్లవాడు ఏం చేశాడు, మనం ఏం చేశాం’ అని మాట్లాడే సమయం మాత్రం టైంటేబుల్లో ఉండదు.

తల్లిదండ్రుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయించుకొచ్చిన మర్నాడే ‘మా వాడికి ఏబీసీడీలు ఎప్పుడొస్తాయి మేడం?’ అంటారు. వాళ్ళది అత్యాశ అని కొట్టిపారేయకండి. కాన్వెంటులో ఎల్‌కేజీ ఫీజు కట్టలేక మీ దగ్గరికి పంపిన తల్లికి తన బిడ్డ వెనకబడతాడేమోనన్న భయం ఉంటుంది. ఆ తల్లితో సిద్ధాంతం మాట్లాడి లాభం లేదు. నోటుపుస్తకం తెరిచి, ఫలానా రోజు మీ అమ్మాయి ఈ పని చేసింది, ఈ మాట అంది అని చదివి వినిపించండి. తన బిడ్డను ఇంత దగ్గరగా ఇంకొకరు చూశారని తెలిస్తే తల్లి కుదుటపడుతుంది.

ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊరి పసిపిల్లల బడులకు ప్రపంచమంతా పేరుంది. 1945లో యుద్ధం ముగియగానే అక్కడి పల్లెజనం జర్మన్లు వదిలేసిపోయిన ట్యాంకును, ట్రక్కులను, గుర్రాలను అమ్మి ఆ డబ్బుతో బడి కట్టుకున్నారు. లోరిస్ మలగుత్సి అనే యువ ఉపాధ్యాయుడు సైకిలు మీద చూడ్డానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ బడుల్లోని చిత్రాలు, మట్టిబొమ్మలు చూసి అందరూ ముగ్ధులవుతారు. నాకు ముఖ్యంగా కనిపించింది వాళ్ళ పనిగంటలు. ఒక్కో తరగతికి ఇద్దరు టీచర్లు. వారానికి 36 గంటల పనిలో దాదాపు ఆరు గంటలు పిల్లలు ఎదురుగా లేకుండా, చూసింది రాసుకోవడానికీ, కలిసి మాట్లాడుకోవడానికీ, తల్లిదండ్రులను కలవడానికీ. ఆ సమయం పనిలో భాగం, జీతంలో భాగం.

మన అంగన్‌వాడీ టీచరు చేతిలో ఆరు సేవలున్నాయి. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రెఫరల్, తల్లులకు ఆరోగ్య బోధన, వీటి తర్వాత పూర్వప్రాథమిక విద్య. పైన పోషణ్ ట్రాకర్ యాప్, సిగ్నల్ దొరక్క మేడ ఎక్కడం. పక్కన ఒక్క ఆయా. ఇంత పనిలోనూ చెక్కపలక తెచ్చి పెట్టిన టీచర్లు ఉన్నారంటే అది వ్యవస్థ గొప్ప కాదు, వాళ్ళ గొప్ప.

అనుతాయి వాఘ్ బాల్యంలోనే వితంతువైన మనిషి. పట్టుదలతో చదువుకుని టీచరైంది. తారాబాయి ఆమెను చేతికింద మనిషిగా ఉంచుకోలేదు. ప్రతి ప్రయోగంలో సగం ఆమెకు అప్పగించారు. 1973లో తారాబాయి పోయాక కోస్‌బాడ్‌లో పని ఆగలేదు, దాదాపు ఇంకో ఇరవై ఏళ్ళు అనుతాయి చేతుల మీదుగా నడిచింది. పక్కవాళ్ళను సిద్ధం చేసిన పెద్ద టీచరు అంటే నాకు తారాబాయే గుర్తుకొస్తారు.

కాబట్టి శాఖ అధికారులను అడిగేది ఒక్కటే. వారానికి రెండు గంటలు, పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, టీచరూ ఆయా కలిసి కూర్చుని ఆ వారం పిల్లలను ఏం చూశారో మాట్లాడుకుని రాసుకోవడానికి ఇవ్వండి. ఆ రెండు గంటల్లో సర్వేలు వద్దు, ఫొటోలు అప్‌లోడ్ చేయమనడాలు వద్దు, మండల కేంద్రంలో మీటింగులు వద్దు. ఆ సమయం డ్యూటీగానే లెక్కకట్టండి. దీనికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది ఇప్పించండి.